తొట్టి సంగతి చదవొద్దన్న మేస్త్రీ

మా ఇంటి నీళ్ళ సంపు కడగడానికి పోయిన వారం ఒకాయన వచ్చాడు. నడివయసు దాటిన మనిషి. లుంగీ ఎగ్గట్టి నిచ్చెన మీదుగా లోపలికి దిగాడు. కాసేపు చీపురు చప్పుడు వినిపించింది. తర్వాత కిందినుంచే కేకేశాడు.

"ఎవురు సార్ దీన్ని కట్టినది? ఇన్ని ఏండ్లయినా ఒక్క చెమ్మ మరక లేదే!"

"గుడియాత్తం మేస్త్రీ" అన్నాను.

"నంబరుంటే ఇయ్యండి సార్. మా బామ్మర్ది ఇల్లు కడతా ఉండాడు."

ఆ మనిషి లేడని, మొన్న వానాకాలంలో పోయాడని చెప్పాను. "అడడా" అన్న మాట సంపు నాలుగు గోడలకూ తగిలి పైకి వచ్చింది. మేస్త్రీ గనక ఆ మాట విని ఉంటే, తన చావు సంగతి పక్కనపెట్టి, అది మోగిన తీరు గమనించేవాడు. "పూత బాగా పట్టుకునింది సార్" అనేవాడు. మనుషుల మాటకన్నా గోడల మాట మీద ఆయనకు గురి ఎక్కువ.

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఆ సంపు కట్టడానికే. వేలూరులో మేము ఇల్లు కట్టుకుంటున్న రోజులు. వచ్చీ రాగానే నన్ను పలకరించలేదు. అప్పటికే వేరే ఎవరో సగం కట్టి వదిలేసిన గోడ దగ్గరికి పోయి, చూపుడు వేలి కణుపుతో రెండు చోట్ల తట్టి, చెవి ఆనించాడు.

"ఏమంటోంది?" అని సరదాగా అడిగాను.

"ఇసక జాస్తి అయిందంటా ఉండాది సార్" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

పొట్టి మనిషి. నలభై ఏళ్ళ సిమెంటు ఆయన వేళ్ళ కొనలను అరగదీసి గాజుపెంకుల్లా నున్నగా చేసింది. రేషను అంగట్లో వేలిముద్ర మిషన్ ఆయన వేలును ఎన్నడూ గుర్తుపట్టలేదు. "నేను నేనే అంటే ఆ మిషన్ నమ్మదు సార్. మా ఆడమనిషి వచ్చి వేలు పెడితేనే బియ్యం. గవర్మెంటుకి కూడా తెలిసిపోయింది మా ఇంట్లో ఎవురి వేలుకి విలువని" అనేవాడు.

భుజానికి ఎప్పుడూ ఒక తెల్ల ట్యూబు చుట్ట వేలాడుతుండేది. నిండా నీళ్ళు. ఒక కొన ఈ మూల, ఇంకో కొన ఆ మూల పట్టుకుని, రెండు చోట్లా నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో చూస్తే నేల మట్టం తెలిసిపోతుంది. కొత్త మేస్త్రీలు చేతిలో ఇమిడే పరికరాలు కొనుక్కున్నా ఈయన ట్యూబు వదల్లేదు. బస్సులో కండక్టరు, "ఏం మేస్త్రీ, ఆసుపత్రి దాకా ఓపిక లేదా? దోవలోనే సెలైను ఎక్కించుకుంటా ఉండావు!" అని ఎగతాళి చేసేవాడట. ఆ సంగతి ఆయనే చెప్పి, నేను నవ్వేదాకా ఆగి, తర్వాత తను నవ్వేవాడు.

"నీళ్ళకు మొగమాటం లేదు సార్" అన్నది ఆయన ఊతపదం. "మనిషి మాటను నోట్లోనే పెట్టుకుంటాడు. నీళ్ళు పెట్టుకోవు. తప్పుంటే తప్పని చెప్పేస్తాయి."

ఇంకొక పట్టింపు కూడా ఉండేది. తొట్టి గానీ సంపు గానీ కట్టడం పూర్తయ్యాక తొలి బిందె నీళ్ళు ఆ ఇంటి ఆడమనిషే పోయాలి. మోటారు వెయ్యనిచ్చేవాడు కాదు. మా ఇంట్లో మా ఆవిడ జ్వరంతో పడుకుని ఉంటే రెండు రోజులు ఆగాడు. ఆమె లేచి బిందెతో నీళ్ళు వంచుతుంటే దూరంగా, చేతులు కట్టుకుని, పెళ్ళిలో ఆడపిల్ల తండ్రిలా నిలబడ్డాడు. అవి కిందికి జారి అడుగున నలువైపులా ఒకేసారి పరుచుకోగానే తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చిన్నదో పెద్దదో ఏదో ఒక పని మిషతో వేలూరు వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. టీ తాగేవాడు. మా తెలుగు పేపరు చేతిలోకి తీసుకుని బొమ్మలు చూసేవాడు.

ఆయనది ఎన్ని తరాల కిందటో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. తెలుగు అక్షరం ఒక్కటి రాదు. "మన రాతే గదా సార్ ఇది. ఎట్లుండాదో చూడండి, మురుకులు చుట్టినట్ల" అని పేపరు మీద వేలు తిప్పేవాడు.

పని మీదనుంచి పడ్డాడని నాకు ఆలస్యంగా తెలిసింది. రెండో అంతస్తు గోడకు పూత పూస్తుండగా కట్టెల పరంజా విరిగింది. ప్రాణం దక్కింది గానీ కుడి మోకాలు మడతపడడం మానేసింది. ఇంక పైకి ఎక్కొద్దన్నారు డాక్టర్లు. ఆరు నెలల తర్వాత ఒక పొద్దున చేతికర్ర పొడుచుకుంటూ మా గేటు తీశాడు. భుజాన ట్యూబు లేదు. అది లేకపోయేసరికి ఒక నిమిషం గుర్తుపట్టలేకపోయాను.

మెట్టు మీద కాలు చాపుకుని కూర్చుని, చొక్కా జేబులోంచి మడతలు పడిన చిన్న పుస్తకం ఒకటి తీశాడు.

"మీను తోట పెట్టబోతా ఉండా సార్. చదివి పెట్టండి."

మీను అంటే చేప అని ఇక్కడ అందరికీ తెలుసు. చేపల తోట ఏమిటో నాకు అర్థం కాలేదు. చెప్పాడు. ఒక తొట్టిలో చేపలు పెంచుతారట. తొట్టి పక్కన కొంచెం ఎత్తులో సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటినిండా కంకర. చేపల నీళ్ళను చిన్న మోటారుతో ఆ కంకరలోకి ఎక్కిస్తే, చేపల మురికిని తిని మొక్కలు పెరుగుతాయి. నీళ్ళు తేటపడి మళ్ళీ తొట్టిలోకి దిగుతాయి. మన్నుతో పనే లేదు. ఫోనులో ఒక తమిళాయన మిద్దె మీద పెట్టి చూపించాడట. చేపపిల్లల కోసం మోర్ధానా ఆనకట్ట దగ్గరికి పోతే అక్కడ పిల్లల్ని పెంచి అమ్మే చిత్తూరు వైపు మనిషి ఈ పుస్తకం ఇచ్చాడట. అట్ట మీద ఆక్వాపోనిక్స్ అని పెద్ద అక్షరాలున్నాయి. ఆ పేరు నేను చదివితే ఆయన రెండు మూడు సార్లు నోట్లో తిప్పుకుని, "మీను తోట చాలు సార్" అన్నాడు.

"కాలు నొప్పితో ఇదంతా ఎందుకు మేస్త్రీ?"

ఆయన చేతికర్రతో మా మెట్టు అంచును మెల్లగా తట్టి విన్నాడు. తర్వాత చెప్పాడు.

పెళ్ళయిన కొత్తలో గుడియాత్తం ఇంటి వెనక కొంచెం పెరడు ఉండేది. ఆమెది పరదరామి పక్కన పల్లె, సేద్యగాళ్ళ ఇల్లు. ఆ కాస్త జాగాలోనే ఆకుకూరలు, రెండు వంగ చెట్లు, ఒక చిక్కుడు పాదు పెట్టుకుంది. ఒకసారి వాళ్ళమ్మకు బాగాలేదని ఊరికి పోయి పది రోజులుంది. అప్పుడే ఈయనకు పని పెరిగింది. సెంట్రింగు పలకలు పెట్టుకోవడానికి చోటు కావాలి. బురద ఉండదు, పాము రాదు, నీళ్ళు కొడితే అద్దంలా కడుక్కోవచ్చు, చూసి మురిసిపోతుంది అనుకుని, ఆమె వచ్చేలోగా పెరడంతా కాంక్రీటు పోసి పైన సిమెంటు పాలు పూసి నున్నగా తేల్చాడు.

"వచ్చింది సార్. కొంగులో విత్తనాల మూట కట్టుకోని వచ్చింది, వాళ్ళమ్మ ఇచ్చినవి. వాకిట్లో నిలబడి చూసింది. తిట్టలే. ఏడవలే. 'ఇవి యాడ పెట్టేది?' అని ఒక్క మాట అడిగింది. అంతే. ఆనాటినుంచి ఈనాటిదాకా ఆ పెరడు మాట ఎత్తలే."

"మీరైనా ఎత్తలేదా?"

"నాకు యాడ తీరిక సార్! పొద్దున పోతే మాపటికి వచ్చేది. పనున్నన్నాళ్ళూ ఆ పెరడు నా కంట పడలే. ఇప్పుడు కాలు చాపుకోని కూసుంటే పొద్దస్తమానం అదే ఎదురుగా ఉండాది."

"అంత బాధగా ఉంటే పగలగొట్టేస్తే సరిపోయె గదా?"

ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదు. నేనేదో అనరాని మాట అన్నట్టు చూశాడు.

"నా చేత్తో పోసింది నా చేత్తో పగలగొట్టేదా సార్? నలభై ఏండ్లలో నేను కట్టింది నేను పగలగొట్టింది లేదు. పగుల్లేని పని అది. ఈ పొద్దు కూడా తట్టి చూసినా. గంట మాదిరి మోగుతా ఉండాది."

అదీ ఆయన ఇరకాటం. పెళ్ళాం పెరడు ఆమెకు తిరిగి ఇవ్వాలి. తన పని మాత్రం చెడకూడదు. మన్ను అక్కర్లేని తోట గురించి విన్నప్పుడు ఆయనకు ఎంత సంబరం కలిగి ఉంటుందో అప్పుడు తెలిసింది.

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఈ పద్ధతి వల్ల లాభాలు. తలూపుతూ విన్నాడు. రెండో పేజీ తిప్పి, "తొట్టిని సిద్ధం చేసుకోవడం" అనగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వదిలేయండి సార్. తొట్టి గురించి నాకు చదవొద్దు."

"రెండు పేజీలే ఉంది, చదివేస్తా."

"వద్దు సార్. పుస్తకం రాసినాయన ఎన్ని తొట్లు కట్టి ఉంటాడు? పది? నేను లెక్క మరిచిపోయినా. నాకు చేప తెలియదు, చేప గురించి చదవండి."

నేనూ నవ్వి ఆ రెండు పేజీలు తిప్పేశాను. ఏ చేప పెట్టాలి, ఎంత మేత వెయ్యాలి, కంకర ఎంత లోతు ఉండాలి, అన్నీ చదివాను. కంకరలో కంటికి కనబడని జీవాలు చేరి చేపల మురికిని మొక్కలకు ఎరువుగా మారుస్తాయన్న చోట రెండోసారి చదివించుకున్నాడు. "కనబడని కూలోళ్ళు సార్! టీ అడగరు, అడ్వాన్సు అడగరు" అని ముచ్చటపడ్డాడు.

నెల తిరగకుండానే రమ్మని ఫోను చేశాడు. కాట్పాడిలో బస్సు మారి గుడియాత్తం పోయాను. పెరట్లో, ఆ నున్నటి కాంక్రీటు మీద, నడుం ఎత్తు తొట్టి. చాపిన కాలుతో కూర్చునే కట్టాడట. మూలలు కత్తితో కోసినట్టున్నాయి. పక్కనే ఇటుకల మీద నాలుగు సగం డ్రమ్ములు, ఏడుసార్లు కడిగిన కంకర. ఆమెను అప్పుడే మొదటిసారి చూశాను. పొడుగాటి మనిషి. వసారాలో చేట ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి "రాండన్నా" అని లేచి చెంబుతో నీళ్ళిచ్చి మళ్ళీ చేట ముందు కూర్చుంది.

మేస్త్రీ బిందె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మే, తొలి బిందె."

"నీ తొట్టి నువ్వే నింపుకో మేస్త్రీ. నాకు పనుండాది" అంది ఆమె, చేటలోంచి తల ఎత్తకుండా.

ఆయన నా వైపు చూసి, నవ్వినట్టు మొహం పెట్టి, కుంటుకుంటూ తనే పోసుకున్నాడు. నీళ్ళు అడుగున నలువైపులా ఒకేసారి పరుచుకున్నాయి. ఆయన మాత్రం అటు చూడలేదు.

మర్నాడు మోర్ధానా నుంచి గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో నలభై జిలేబీ చేపపిల్లల్ని తెచ్చుకున్నాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కాలు నొప్పి పెట్టినా కదలకుండా కూర్చున్నాడట. మూడో రోజు ఫోను వచ్చింది. "సార్" అన్నాడు. అంతే, పెట్టేశాడు.

నేను పోయేసరికి పెరట్లో ఒక బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బకెట్లో అన్నీ తెల్లటి పొట్టలు. వేలెడేసి కూడా లేవు. ఆయన బకెట్టు పట్టుకుని ఈ గోడ దగ్గరికి పోతున్నాడు, ఆ గోడ దగ్గరికి పోతున్నాడు. ఏం చేస్తున్నాడో నాకు కాసేపు తెలియలేదు.

"పూడ్చేదానికి పిడికెడు మన్ను లేదు సార్, ఇంట్లో" అన్నాడు.

నిజమే. గోడనుంచి గోడదాకా కాంక్రీటే. ముందు వాకిలి కూడా ఆయనే పోసుకున్నాడు. ఆ పెరడు సంగతి ఆయన నాకు ఎంతో వివరంగా చెప్పి ఉండవచ్చు. ఆ రోజు బకెట్టుతో తిరిగేదాకా అది ఆయనకూ పూర్తిగా తెలిసినట్టు లేదు.

ఆమె వసారాలోంచి లేచి వచ్చింది. బకెట్టు అందుకుని, పక్కింటి వాళ్ళ మునగచెట్టు మొదట్లో పారతో గుంట తీసి పూడ్చింది. తిరిగి వచ్చి, చేతులు కడుక్కుంటూ, మొగుడితోనూ కాదు నాతోనూ కాదన్నట్టు గోడవైపు చూసి అంది.

"కొత్త సిమెంటు తొట్టిలో గొడ్డే మూతి పెట్టదు. చేపపిల్లలు బతుకుతాయా?"

మేస్త్రీ నోరు తెరిచాడు. "ఏంటికి పెట్టదు?"

"సున్నం ఊరతాది. నీళ్ళు చురచురమంటాయి. మా నాయన కుడితి తొట్టి కట్టించినప్పుడల్లా అరటి బోదెలు నరికి, పేడ కలిపి, ఇరవై దినాలు నానబెట్టేవాడు. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ నింపేది, మళ్ళీ పారబోసేది. ఆమీదటనే గొడ్డుకి పెట్టేది."

"నేను ఎన్ని కుడితి తొట్లు కట్టినానే!"

"కట్టి వచ్చేసినావు. ఆమీదట గొడ్డు తాగిందా లేదా అని ఎప్పుడైనా తిరిగి చూసినావా?"

నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. పోవడానికీ వీల్లేదు, ఇద్దరి మధ్యనుంచి పోవాలి.

"ముందే చెప్పి ఉండొచ్చు గదా మే" అన్నాడాయన. గొంతు చాలా తగ్గిపోయింది.

"నన్ను అడిగినావా? అప్పుడూ అడగలే. ఇప్పుడూ అడగలే."

అంతే అని లోపలికి పోయింది. మేస్త్రీ తొట్టి అంచు మీద చెయ్యేసి, తట్టకుండా ఊరికే అలాగే ఉంచాడు.

ఇంటికి వచ్చి ఆ పుస్తకం తీసి, తిప్పేసిన రెండు పేజీలూ చదివాను. అన్నీ ఉన్నాయి. కొత్త సిమెంటు నీళ్ళను ఎట్లా పాడుచేస్తుందో, అరటి బోదెలు ఎన్నాళ్ళు నానాలో, ఎన్నిసార్లు నీళ్ళు మార్చాలో. ఆమె చెప్పినదానికి పెద్ద తేడా లేదు. సిగ్గేసింది. ఏళ్ళ తరబడి ఇతరులు రాసింది వాక్యం వదలకుండా చదివి దిద్దడమే ఉద్యోగంగా చేసినవాణ్ణి, ఒక మనిషి ధీమా చూసి రెండు పేజీలు వదిలేశాను. ఫోను చేసి చెప్పాను. ఆయన విని, "మీరు చదివి ఉంటే మాత్రం నేను వినేవాణ్ణా సార్?" అన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు ఆయన చేసింది నలభై ఏళ్ళలో ఎన్నడూ చేయని పని. పెళ్ళాన్ని అడగడం. అరటి బోదెలు ఎంత ముక్క నరకాలని అడిగాడు. పేడ ఎంత కలపాలని అడిగాడు. ఎవరిదో మోపెడ్ వెనక కూర్చుని బోదెలు తెస్తుంటే వీధిలో వాళ్ళు, "ఏం మేస్త్రీ, పందిరి వేస్తా ఉండారా? పెండ్లి ఎవురికి?" అని అడిగితే, "మాకే" అన్నాడట. తొట్టి కంపు కొట్టింది. పక్కింటావిడ గోడమీదినుంచి ముక్కు మూసుకుని తమిళంలో తిట్టింది. నాలుగు రోజులకోసారి నీళ్ళు వదిలేవాడు. మళ్ళీ నింపేవాడు. నింపేముందు ఆమె దగ్గరికి పోయి, "చాలా మే?" అనేవాడు. ఆమె వేలు ముంచి బొటనవేలితో రుద్దుకుని, "ఇంగా జారతా ఉండాది" అనేది. ఐదోసారో ఆరోసారో "పోదుం" అంది. చాలు అని. తర్వాత బిందె కోసం ఆయన వెతుకుతుంటే, ఆమే కొళాయి గొట్టం తెచ్చి తొట్టిలో పడేసి వంటింట్లోకి పోయింది.

ఈసారి ఐదే చేపలు తెచ్చాడు. పుస్తకంలోని ప్రతి వాక్యం నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. ఐదూ బతికాయి. మొక్కలు మాత్రం చాలా వారాలు పసుపు ఆకులతో, జ్వరం పడి లేచినట్టు నిలబడ్డాయి. కనబడని కూలోళ్ళు ఇంకా పనిలోకి దిగలేదని నవ్వేవాడు గానీ ఆ నవ్వులో బెంగ ఉండేది. కరెంటు పోతే మోటారు ఆగి చేపలకు ఊపిరి ఆడదని, చెంబుతో నీళ్ళు తోడి ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ కూర్చునేవాడు. ఒకరోజు ఫోను చేసి, మేత ఎంత వేశాడు, ఎండ ఎంత కాసింది అన్నీ చెప్పి చివరికి, "సార్, ఒక్క ఆకు పచ్చగా వచ్చింది" అన్నాడు.

ఆ ఒక్క ఆకు తర్వాత ఇక ఆగలేదు. తోటకూర మోకాలెత్తు పెరిగింది. పుదీనా డ్రమ్ము అంచు దాటి కిందికి వేలాడింది. చేపల్ని ముప్ఫై దాకా పెంచాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆమె కోయడం లేదు. కూర కావాలంటే సంచి పట్టుకుని అంగడికి పోయి కట్ట కొనుక్కుని ఆ డ్రమ్ముల ముందునుంచే నడిచి వచ్చేదట. ఆకులు ముదిరిపోతుంటే ఆయనే కోసి వీధిలో పంచేవాడు. పక్కింటావిడకు కూడా ఇచ్చాడు. కంపు కొట్టిన రోజులు మరిచిపోయి ఆమె రోజూ గోడమీద చెయ్యి పెట్టి అడిగేది. "ఊరంతా తింటా ఉండారు సార్, నా ఇల్లు తప్ప" అన్నాడు నాతో.

ఎందుకు కొయ్యదో ఆమెనే అడగవయ్యా అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. అడగడం ఆయన నేర్చుకున్నాడు. దేన్ని అడగాలో, దేన్ని అడగకుండా ఎదురుచూడాలో కూడా ఆయనకే తెలియాలి.

చివరిసారి నేను వాళ్ళింట్లో భోంచేసింది ఎండలు ముదరకముందు ఒక ఆదివారం. ఆమె వడ్డించింది. అన్నం, పప్పు, మజ్జిగ మిరపకాయలు. పప్పులో ఆకుకూర ఉంది, ఇక్కడ కీర అంటారు. మేస్త్రీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నములుతున్నాడు గానీ కళ్ళు ఆమె మీదికి తిరిగాయి.

"ఈ కీర యాడిది?"

"యాడిదో! తిను."

"అంగడికి పోలేదే నువ్వు ఈ పొద్దు."

"ముదిరిపోతా ఉండాది, పారేస్తే పాపం గదా అని కోసినా. దానికి పంచాయితీనా? అన్నా, మీరు తినండి. ఈయనకి గోడతో మాట్లాడేది తప్ప ముద్దతో మాట్లాడేది తెలియదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మూడుసార్లు పప్పు అడిగి వేయించుకున్నాడు. చేయి కడుక్కుని వసారాలోకి పోయాడు. నేను తాంబూలం పళ్ళెం ముందు కూర్చున్నాను. ఆమె పెరట్లో డ్రమ్ముల దగ్గర నిలబడి పండుటాకులు తుంచి పడేస్తోంది.

కాసేపటికి ఆయన తిరిగి వచ్చాడు. చేతిలో గడ్డపార. కుంటికాలు ఈడ్చుకుంటూ ఆమెకు నాలుగడుగుల దూరంలో, గోడవార, ఒకప్పుడు చిక్కుడు పాదు ఉండేదని తర్వాత తెలిసిన చోట నిలబడ్డాడు. గడ్డపార మొన కాంక్రీటు మీద ఆనించాడు. ఆయన పని మీద ఆయనే మొన ఆనించడం అంటే ఏమిటో నాకు తెలుసు.

"మే" అన్నాడు. "అడగతా ఉండా. ఇక్కడ పగలగొట్టేదా? నీకు మన్ను కావాల్నా?"

ఆమె తిరిగి చూసింది. గడ్డపార వైపు చూసింది. ఆయన చేతుల వైపు చూసింది. నలభై ఏళ్ళుగా ఎత్తని ఆ పెరడు మాట ఇప్పుడు ఎత్తుతుందేమో అనుకున్నాను. ఆమె తొట్టిలోకి వంగింది. చేపలు మేత వేళ అనుకుని పైకి వచ్చి ఆమె నీడ కింద గుంపుగా తిరుగుతున్నాయి.

"ఇప్పుడు వద్దు" అంది. "అదురుకి చేపలు బెదురుతాయి."

మేస్త్రీ మోకాలు మడతపడని కాలును పక్కకు చాపి, నడుం వంచి, గడ్డపారను రెండు చేతులతో చప్పుడు కాకుండా నేలమీద పెట్టాడు.